నీటిగీత

పదమూడో కిటికీ కూడా సరిపోయింది. స్కేలమ్మ డివైడరు పక్కన పెట్టి, కాగితం మీద టిక్కు కొట్టి, నడుం వెనక్కి విరిచింది. పొద్దుట్నుంచీ బల్ల మీద వంగే ఉందేమో, వెన్నులో ఎక్కడో కటుక్కుమంది. కింది వరసలో పదమూడు ఫిరంగి కిటికీలు, పై వరసలో పదమూడు, మూడు తెరచాప కొయ్యలు, ముక్కు మీదనుంచి ముందుకు పొడుచుకొచ్చిన వాసం, వెనక కెప్టెను గది అద్దాలు, అన్నీ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. నలభై ఏళ్ళ కిందట మామగారు ఇదే బల్ల మీద, ఇదే కిటికీ వెలుగులో గీసిన బొమ్మ ఇది. ఆయన చెయ్యి అంటే అదీ మరి అనుకుంది, ఆ చెయ్యి తనదే అయినంత గర్వంగా.

ఆమెని మ్యూజియంలో అందరూ స్కేలమ్మ అనే అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలెట్టారు, ఇప్పుడు ఆమే ఫోనెత్తి "స్కేలమ్మనండీ" అంటుంది. పాతకాలం యుద్ధ ఓడలకి పక్కబొమ్మలు గీయడం ఆమె పని. పక్కబొమ్మ అంటే, ఓడ మన ముందునుంచి అడ్డంగా వెళుతుంటే ఎలా కనిపిస్తుందో అలా, కొలత తప్పకుండా గీసిన బొమ్మ. అందులో అలలుండవు, మబ్బులుండవు, పొగ కక్కే ఫిరంగులుండవు. అడుగుకి పావంగుళం చొప్పున చెక్క ఎక్కడుండాలో అక్కడ గీత ఉంటుంది, అంతే. డెక్కు ముందూ వెనకా పైకి వంగుతుంది కాబట్టి కిటికీల గడపలు కూడా ఆ వంపుతోపాటే పైకి పోతాయి. కానీ కిటికీల పక్కలు మాత్రం నిట్టనిలువుగానే ఉంటాయి. ఇది తెలియక వంపుతోపాటు కిటికీని కూడా వంచేసినవాళ్ళ బొమ్మలు పుస్తకాల నిండా ఉన్నాయి. అలాంటిది కంటబడితే స్కేలమ్మకి ఆ పూటంతా ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఇప్పుడు సరిచూస్తున్న బొమ్మని పన్నెండు మీటర్ల ఇత్తడి రేకుల మీదికి పెంచి, కొత్త హాలు గోడకి ఎక్కిస్తున్నారు. బుధవారం ఇత్తడి మేస్త్రి ఉలి పట్టుకొస్తాడు. వచ్చే నెలలో హాలు తెరిచే రోజున మామగారిని స్టేజీ మీద కూర్చోబెట్టి సన్మానం చేస్తారు. రేకు మూలన "గీసినవారు" అని ఆయన పేరు, దాని కింద "సరిచూసినవారు" అని కోడలి పేరు చెక్కుతారు. ఆ రెండో పేరు కోసమే ఈ తనిఖీ.

ఇక మిగిలింది నీటిగీత. ఓడ ఎంతవరకు మునిగి ఉంటుందో చూపించే అడ్డగీత. ఓడ కట్టిన మేస్త్రి తన కాగితంలో "లోతు ముందు పద్దెనిమిది అడుగులు, వెనక పంతొమ్మిదిన్నర" అని రాసుకున్నాడు. ఓడ పొడవునా అడుగున ఒక పెద్ద దూలం ఉంటుంది. స్కేలమ్మ ఆ దూలం పైఅంచు మీద ముల్లు ఆనించి, డివైడరు పద్దెనిమిది అడుగులకి తెరిచి పైకి తిప్పింది. రెండో ముల్లు సరిగ్గా నీటిగీత మీద వాలింది. వెనక కూడా అంతే. టిక్కు కొట్టడానికి పెన్సిలు ఎత్తింది. ఎత్తిన పెన్సిలు అలాగే ఉండిపోయింది.

పైఅంచు నుంచి ఎందుకు కొలిచాను అనుకుంది.

గీసేవాళ్ళు ఎప్పుడూ ఆ పైఅంచు నుంచే మొదలెడతారు, ఎందుకంటే ఓడ పలకలు పుట్టేది అక్కడే. కిటికీలు, డెక్కులు, కొయ్యలు, అన్నిటి ఎత్తులూ అక్కణ్ణుంచే. చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. కానీ లోతు అంకెలు పుట్టింది గీసేవాళ్ళ కోసం కాదు, నడిపేవాళ్ళ కోసం. ఓడ అడుగు ఇసకకి తగులుతుందా లేదా అని చూసుకోవడానికి. అందుకని వాటిని అట్టడుగు అంచు నుంచే లెక్కపెట్టాలి. దూలం మందం అడుగున్నర, దాని కింద తొడిగిన కాపుచెక్క అరడుగు. మొత్తం రెండడుగులు. మామగారు ఆ ఓడ చుట్టూ రెండడుగుల నీళ్ళు ఎక్కువ పోసేశారు. ఏమీ తెలియనివాడి చేతికి స్కేలిచ్చి ఉంటే అట్టడుగు నుంచే కొలిచేవాడు. బాగా తెలిసిన మనిషి కాబట్టే తప్పారు.

మళ్ళీ కొలిచింది. వెళ్ళి టీ తాగొచ్చి మళ్ళీ కొలిచింది. బొమ్మ మీద అరంగుళం. అరంగుళమే కదా అని ఎవరైనా అంటే నిన్నటిదాకా వాళ్ళతో తనే పోట్లాడేది. ఇప్పుడు ఆ మాట తనే అనుకుని చూసుకుంది. కుదర్లేదు. ఆ అరంగుళం కింద ఒక మనిషి నలిగిపోయి ఉన్నాడు.

ఆ మనిషి కథ పాత హాల్లో గోడ మీద రాసి ఉంది. స్కేలమ్మ చేతులు తుడుచుకుని మెట్లు దిగి అక్కడికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా ఆ గోడ పక్కనుంచే నడుస్తోంది, సరిగ్గా చదివింది మాత్రం ఇవాళే. నీళ్ళలోకి దిగిన రెండో ఏడు, ఓ మోస్తరు గాలికి ఓడ ఒక పక్కకి ఒరిగింది, కింది కిటికీల్లోంచి నీళ్ళు జొరబడ్డాయి, మూడొందల మంది పోయారు. కెప్టెను బతికాడు. కిటికీలు నీటికి మరీ దగ్గరగా కట్టారు, తప్పంతా ఓడ మేస్త్రిది అని విచారణలో చెప్పాడు. ఐదడుగుల ఎత్తున కట్టాను, గాలొచ్చినప్పుడు కిటికీలు మూసుకోకపోతే నేనేం చేసేది అన్నాడు ఓడ మేస్త్రి. కెప్టెను మాటా వడ్రంగి మాటా తూకం వేస్తే ఎవరిది బరువో చెప్పక్కర్లేదు. అతన్ని ఓడల యార్డు గేటు లోపలికి రానివ్వొద్దని రాసేశారు. అయినా అది ఒకరి మాట మీద ఒకరి మాటే. నూటయాభై ఏళ్ళు పోయాక ఓడ మేస్త్రి గీసుకున్న నక్షా దొరికింది, మామగారు పక్కబొమ్మ గీశారు, కిటికీకీ నీటికీ మధ్య మూడడుగులే తేలింది. దాని మీద మ్యూజియం డైరెక్టరు గారు పుస్తకం రాశారు. "మేస్త్రి చెప్పినది అబద్ధమని ఋజువైంది" అని గోడ మీద నల్లటి అక్షరాల్లో ఉంది.

మూడుకి రెండు కలిపితే ఐదు. ఈ లెక్కకి స్కేలూ డివైడరూ అక్కర్లేదు.

"అయిపోయిందా స్కేలమ్మ గారూ?" వెనకనుంచి డైరెక్టరు గొంతు.

"కిటికీలు అయ్యాయి సార్. నీటిగీత ఒక్కటి..."

"మీ మామగారి బొమ్మకి తనిఖీ ఏమిటండీ, రూలుంది కాబట్టి గానీ. బుధవారం పదింటికల్లా సంతకం పడేయండి. ఇత్తడి మేస్త్రి వచ్చి కూర్చుంటాడు." ఆయన చేతిలో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. స్కేలమ్మ పైకి వచ్చి, బొమ్మ మీద గుడ్డ కప్పింది.

*

మామగారికి నాలుగేళ్ళ నుంచి చూపు మధ్యలో పోయింది. ఏదైనా అంచుల్లోనే కనిపిస్తుంది. ఎవరి మొహమైనా చూడాలంటే ఆయన తన మొహం పక్కకి తిప్పుకోవాలి. కొత్తవాళ్ళు ఈయనకి మనమంటే కోపం కాబోలు అనుకుంటారు. సాయంత్రం కోడలి చెప్పుల చప్పుడు వినగానే, ఆమెని చూడటానికి గోడ వైపు తిరిగారు.

"ఎంతవరకొచ్చింది?"

"కిటికీలు అయ్యాయి మామయ్యగారూ."

"ఏడోదాని దగ్గర చూశావా? తాళ్ళు బిగించే గొలుసుల కోసం దాన్ని కాస్త జరిపారు ఆ రోజుల్లో. నేనూ జరిపాను."

"చూశాను. నక్షాలో ఉన్నట్టే ఉంది."

"కొయ్యల వాలు?"

"సరిపోయింది."

ఆయన నెమ్మదిగా తల ఊపారు. ఆమె చూపు పక్కనున్న కుర్చీ మీదికి తిప్పుకుంది. సన్మానానికని కోటు ఉతికించి, కుర్చీ వీపుకి తగిలించుకున్నారు. ఇంకా మూడు వారాలుంది, అయినా రోజుకోసారి చేత్తో తడిమి గుండీలు లెక్కపెడుతున్నారు.

వంటింట్లో భర్త ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. స్కేలమ్మ కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున సంగతంతా చెప్పింది.

"అరంగుళమా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"బొమ్మ మీద అరంగుళం. ఓడ మీద రెండడుగులు."

"మా డిపోలో రెండు నిమిషాలు లేటొచ్చిన బస్సుని టైముకే వచ్చిందని రాస్తాను. ఎవడి కొంపా మునగలేదు ఇంతవరకూ."

"ఇక్కడ మునిగింది కదండీ. అదే కదా గొడవ."

నవ్వబోయి మానుకున్నాడు. కత్తి కింద పెట్టాడు. "ఆ ఓడ మేస్త్రి ఎప్పుడో పోయాడు. మా నాన్న ఉన్నాడు. పక్కగదిలో ఉన్నాడు."

ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, ఖాళీగా కూర్చోకు అమ్మాయ్ అని చేతికి స్కేలిచ్చింది ఆ పక్కగది మనిషే. నాలుగేళ్ళు భుజం పక్కన నిలబడి గీయించాడు. తన తర్వాత ఆ బల్ల ఆమెకే ఇవ్వమని ఆఫీసులో పట్టుబట్టిందీ ఆయనే.

"చెప్పొద్దనను," అన్నాడు భర్త. "ఎలా చెప్తావో ముందు నాతో చెప్పి చూడు. నేనే మా నాన్ననుకో."

"మామయ్యగారూ, మీరు నీటిగీత..." అని ఆపేసింది.

"చూశావా," అని ఆయన మళ్ళీ కత్తి అందుకున్నాడు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు మామగారి చేతికిస్తూ, మాటవరసకి అడిగినట్టు అడిగింది. "మామయ్యగారూ, లోతు ఎక్కణ్ణుంచి పట్టారు?"

"దూలం నుంచి."

"పైఅంచా, కిందంచా?"

గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగుతూ దగ్గరకొచ్చి, మళ్ళీ దూరమైపోయింది. అంతసేపూ ఆ గ్లాసు అక్కడే ఉంది.

"నీకు స్కేలు పట్టుకోవడం నేర్పిందెవరు?"

"మీరే."

"మొదటి రోజు ఏం చెప్పాను?"

"స్కేలు పెట్టే ముందు ఎక్కడ పెడుతున్నావో చూసుకో అన్నారు."

మాట బయటికొచ్చేదాకా తను ఏమంటోందో ఆమెకి తెలియలేదు. ఆయన మొహం కందగడ్డయింది.

"అంటే నేను చూసుకోలేదంటావు."

"నేనేం అనలేదు మామయ్యగారూ. అడిగానంతే."

"అడగడానికి ఇరవై ఏళ్ళు పట్టిందా నీకు? రోజూ గోడకున్న ఆ బొమ్మ కిందే కూర్చున్నావు కదా. పేరు చెక్కే ముందురోజు గుర్తొచ్చిందా?" గ్లాసు పెట్టబోతే బల్ల అంచు తప్పింది. టీ నేలంతా పారింది. ఆయన గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నారు.

స్కేలమ్మ నేల తుడిచింది. గాజుముక్కలు ఏరింది. ఆఫీసుకి బయల్దేరుతూ వసారాలోకి వచ్చినప్పుడు, ఆయన గది కిటికీ తలుపు కాస్త తెరిచి ఉంది. మంచం మీద కూర్చుని, పాత చెక్కస్కేలు మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో ఒక్కో గాడీ తడుముతున్నారు. పెదాలు కదులుతున్నాయి. పద్దెనిమిది దాకా వెళ్ళి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చారు. కోపంగా ఉన్న మనిషితోనైతే ఆమె ఇంకో నాలుగు మాటలు మాట్లాడగలిగేది. ఆ బొటనవేలిని చూశాక ఏ మాటా రాదనిపించింది.

*

ఆ రోజే పదకొండింటికి డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. వెళ్ళేదాకా చెప్పేస్తాననే అనుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీటిగీత గురించి ఒక సందేహం సార్. లోతు అట్టడుగు నుంచి కొలిస్తే కింది కిటికీలు ఐదడుగుల ఎత్తుకి పోతాయి."

డైరెక్టరు తెలివితక్కువవాడేం కాదు. అరనిమిషం ఆయన చేతిలో కలం కదలలేదు. బల్ల పక్కన అలమరలో ఆయన పుస్తకం ఏడెనిమిది కాపీలు వరసగా నిలబడి ఉన్నాయి.

"కొలిస్తే అంటున్నారు. అలా కొలవాలా, కొలవక్కర్లేదా?"

స్కేలమ్మ చూపు ఆ పుస్తకాల వరస మీదికి పోయింది.

"చూడండి మేడమ్. సందేహం ఉందంటే ఆ బొమ్మ గోడెక్కదు. ఇత్తడి మీద ఓడ పేరొక్కటి చెక్కించి ఊరుకుంటాను. అప్పుడు మీ మామగారిని స్టేజీ మీదికి దేనికి పిలుస్తున్నానని చెప్పమంటారు? తప్పు గీసినందుకనా? సందేహం లేదంటే రేపు పదింటికి సంతకం. మధ్యలోది నాకొద్దు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె కూడా పెంచేది. సరే సార్ అని వచ్చేసింది. వచ్చి, గుడ్డ తీయకుండానే ఆ బల్ల ముందు సాయంత్రం దాకా కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి మామగారి మధ్యాహ్నం భోజనం పెట్టింది పెట్టినట్టే ఉంది. తలుపు వేసే ఉంది. కుర్చీ వీపు మీద కోటు లేదు. అది చూడగానే ఆమెకి ఏడుపొచ్చింది. ఇంక నాకెందుకని పెట్టెలో పడేసి ఉంటారు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఇన్నాళ్ళకి ఒక్కసారి జనం ముందు కూర్చోబోతున్నాడు. ఆ ఒక్క రోజునీ తను లాగేసుకుంది. భర్త వచ్చి, పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి వెళ్ళిపోయాడు.

స్కేలమ్మ ఆ తలుపు దగ్గరకి వెళ్ళి నిలబడింది.

"మామయ్యగారూ, పొరపాటు నాదే. మళ్ళీ కొలిచాను. సరిపోయింది. లేచి కాస్త తినండి."

లోపల మంచం కిర్రుమంది. చాలాసేపయ్యాక, "సరిపోయిందా," అన్నారు, అడిగినట్టు కాకుండా.

"సరిపోయింది మామయ్యగారూ."

బుధవారం పదింటికి స్కేలమ్మ సంతకం పెట్టింది. "సరిచూశాను, కొలతలన్నీ సరిపోయాయి" అని బొమ్మ మూలన నల్ల సిరాతో రాసి, కింద పేరూ తేదీ వేసింది. ఎప్పుడూ లేనంత గుండ్రంగా వచ్చాయి అక్షరాలు. వాటిని చూసుకుంటే ఆమెకి ఒళ్ళంతా సిగ్గుతో కాలింది. డైరెక్టరు చదివి, భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొత్త హాల్లో ఇత్తడి రేకుల్ని బల్లల మీద వరసగా పరిచారు. ఇత్తడి మేస్త్రి పొట్టి మనిషి, మోకాళ్ళకి గోనెగుడ్డ చుట్టుకున్నాడు. ఆయన తమ్ముడు అటు చివర నిలబడ్డాడు.

"అమ్మా, మాకు ముందుగా ఒక అడ్డగీత కావాలి," అన్నాడు మేస్త్రి. "ఈ చివర నుంచి ఆ చివరకి. దాని మీద నిలబెట్టుకుని మిగతావన్నీ ఎక్కిస్తాం. మీ నీటిగీతే పెట్టుకుందామా?"

ఆమె బొమ్మ వంక చూసింది. "అదే పెట్టుకోండి."

"ఇత్తడిలో పడ్డాక రబ్బరు పెట్టి తుడిచేది ఉండదు. ఒకటికి రెండుసార్లు చూసి చెప్పండి మరి."

చూడకుండానే చెప్పింది. ఆ కొలత ఆమెకి మూడు రోజులుగా కళ్ళ ముందే ఉంది. మేస్త్రి రెండు చివరలా గుర్తు పెట్టాడు, అన్నదమ్ములిద్దరూ సుద్ద పూసిన దారం బిగలాగి పట్టుకున్నారు, మేస్త్రి మధ్యలో ఎత్తి వదిలాడు. టప్పుమంది. పసుపుపచ్చటి రేకు మీద తెల్లటి గీత పడింది. డైరెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని దాని పొడవునా నడిచి చూసి వచ్చాడు. మేస్త్రి ఉలికి పదును చూసుకుంటున్నాడు.

అప్పుడు వాకిట్లో కర్ర చప్పుడైంది. సన్మానానికని ఉతికించిన కోటు వేసుకుని, పై గుండీ రెండో కాజాలో పెట్టుకుని, మామగారు నిలబడి ఉన్నారు. నాలుగేళ్ళలో ఆయన ఒంటరిగా వీధి మలుపు దాటిందే లేదు. ఎవరో అద్దెకారు డ్రైవరు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, ఇదిగో ఇక్కడేనండి అని వెళ్ళిపోయాడు.

"మేస్త్రి ఎవరు? ఉలి పెట్టావా?"

"ఇంకా లేదండి. దారం కొట్టాం."

"అయితే ఆగు నాయనా." ఆయనకి ఆయాసంగా ఉంది. "డైరెక్టరు గారున్నారా?"

"ఇక్కడే ఉన్నాను మాస్టారూ. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. ఆ బొమ్మలో..."

"బొమ్మ సంగతి మీరింక మర్చిపోండి. మీ కోడలు అంతా సరిచూసి ఇందాకే సంతకం పెట్టారు. ఇదిగో."

మామగారు ఆగిపోయారు. కాగితం చూడటానికి మొహం కిటికీ వైపు తిప్పారు. ఆ మూలన నల్లగా ఏదో ఉందని మాత్రం కనిపించి ఉంటుంది.

"ఏమని రాసింది?"

"సరిచూశాను, కొలతలన్నీ సరిపోయాయి అని."

స్కేలమ్మ రెండు బల్లల అవతల ఉంది. అక్కణ్ణుంచి ఆయన మొహం పూర్తిగా కనిపిస్తోంది. ఆయన తప్పు ఒప్పుకోవడానికే వచ్చారని ఆమెకి అర్థమైంది. నిన్న తలుపు బయట నిలబడి తను ఆడిన అబద్ధం ఆయన నమ్మలేదు. అంతకు ముందే, గీత తప్పిందని తేలాకే, పెట్టెలోకి కాదు, ఒంటి మీదికి తీశారు ఆ కోటుని. ఇప్పుడు నోరు విప్పితే, తెలిసీ దొంగ సంతకం పెట్టింది కోడలని నలుగురి ముందూ తేలిపోతుంది. ఉద్యోగం పోతుంది. అదంతా ఆయన మొహంలో ఒక్కొక్కటే తిరగడం ఆమె చూసింది.

"అయితే సరే," అన్నారు. "తను చూసిందిగా. ఇంక నేను చెప్పేదేముంది. ఊరికే, ఇత్తడి ఎలా ఉందో చూసి పోదామని."

చెయ్యి చాచి రేకుని తడిమారు. వేళ్ళకి సుద్ద అంటింది. దాన్ని కోటుకి తుడుచుకున్నారు.

"కానివ్వమంటారా సార్?" అన్నాడు మేస్త్రి.

డైరెక్టరు తల ఊపాడు. మేస్త్రి బల్ల మీదికి వంగి, గీత మొదట్లో ఉలి ఆనించి, సుత్తి ఎత్తాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. బతికున్నవాళ్ళందరికీ బాగానే ఉంటుంది. నలభై ఏళ్ళు ఒక్క గీత తప్పని మనిషి, తన కోసం ఇప్పుడు అబద్ధం చెప్పి, బెదిరిన మొహంతో ఇత్తడి తడుముతున్నాడు. స్కేలమ్మకి అది చూడటం చేతకాలేదు.

"ఆగండి మేస్త్రిగారూ."

సుత్తి గాల్లోనే ఆగింది.

"ఆ సంతకం అబద్ధం సార్," అంది డైరెక్టరుతో. "నీటిగీత రెండడుగులు పైన పడింది. లోతుని దూలం పైఅంచు నుంచి కొలిచారు, అట్టడుగు నుంచి కొలవాలి. సోమవారం నుంచీ నాకు తెలుసు."

"గీసింది నేను," అన్నారు మామగారు. "ఆ పిల్లకి ఇందులో ఏం సంబంధం లేదు."

"ఉంది మామయ్యగారూ. సంతకం నాది."

మేస్త్రి సుత్తి దించి, ఇద్దరి మొహాలూ చూసి, పక్కకి జరిగాడు. డైరెక్టరు మేస్త్రి పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"నిన్న నా గదిలో అడిగాను మిమ్మల్ని," అన్నాడు.

"అడిగారు. చెప్పలేకపోయాను."

"నేను వినదలుచుకోలేదు కూడా." నుదురు రుద్దుకున్నాడు. "మూడుసార్లు అచ్చయింది ఆ పుస్తకం. అందులో ఒక మనిషిని అబద్ధాలకోరు అని రాశాను. ఎన్ని పేజీల్లో రాశానో కూడా గుర్తులేదు."

ఆయన అలా కూర్చుంటాడని స్కేలమ్మ అనుకోలేదు. అరుస్తాడనుకుంది. కాసేపటికి లేచి, ప్యాంటు దులుపుకున్నాడు.

"స్టేజీ మీద కుర్చీ సంగతి నేనిప్పుడు మాటివ్వలేను మాస్టారూ. మీ ఉద్యోగం సంగతి కూడా, మేడమ్. తప్పుడు సంతకం తప్పుడు సంతకమే."

"నాకు కుర్చీ ఎందుకు బాబూ," అన్నారు మామగారు. "ఆ బొమ్మ గీసినన్నాళ్ళూ నిలబడే గీశాను."

డైరెక్టరు తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, "మేస్త్రీ, వాళ్ళు చెప్పిన చోట కొట్టండి," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మేస్త్రి తమ్ముడు తడిగుడ్డ తెచ్చి సుద్దగీత తుడవడం మొదలెట్టాడు. స్కేలమ్మ బొమ్మని ఖాళీ బల్ల మీద పరిచింది. అంచులు పైకి లేస్తున్నాయి. మామగారు తడుముకుంటూ వచ్చి, కర్ర పక్కన పెట్టి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి నొక్కి పట్టుకున్నారు.

ఆమె బ్లేడు తీసి ముందు సంతకాన్ని గీకింది. తర్వాత నీటిగీతని, ముక్కు నుంచి వెనకదాకా, కిటికీలకి తగలకుండా. పావుగంట పట్టింది. నల్లటి పొట్టు లేస్తుంటే ఆయన వంగి ఊదుతున్నారు. మేస్త్రి తొందరపెట్టలేదు.

"ఎక్కడ పెట్టావు ముల్లు?" అన్నారు మామగారు.

"అట్టడుగు అంచు మీద."

"కాపుచెక్క కిందేనా?"

"కిందే మామయ్యగారూ."

"ఊఁ. గియ్యి."

కొత్త గీత పడింది. అటు చివర మేస్త్రి తమ్ముడు దారం విప్పుకుంటున్నాడు. ఇక సంతకం మిగిలింది. రేపు ఈ బల్ల తనదవుతుందో కాదో ఆమెకి తెలియదు. ఇవాళ సాయంత్రం దాకా మాత్రం సరిచూసే మనిషి తనే. పెన్ను సిరాలో ముంచి, మళ్ళీ ఆగింది. గీకిన చోట సిరా పాకుతుంది, అక్షరం అలుక్కుపోతుంది. అందుకని పెన్ను పక్కన పెట్టి, బొటనవేలి గోటితో ఆ చోటంతా నున్నగా రుద్దడం మొదలెట్టింది. మామగారు ఆ చప్పుడు వింటూ కిటికీ వైపు మొహం తిప్పి ఆమె చేతిని చూస్తున్నారు.

"ఇంకొంచెం రుద్దు," అన్నారు.